ఆఫీసు ప్రింటర్‌కు ఏ డ్రైవర్ వేయాలి? పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్, ఐపీపీ మధ్య ఎంపిక

క్లుప్తంగా

డ్రైవర్ అంటే కంప్యూటర్‌లోని పత్రాన్ని ప్రింటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ అలాంటి రెండు భాషలు. ఉత్తరాలు, నివేదికలు, బిల్లులు, స్ప్రెడ్‌షీట్లు ప్రింట్ చేసుకునే ఆఫీసుకు తయారీ సంస్థ ఇచ్చే పీసీఎల్6 డ్రైవర్ సరైన ఎంపిక. డిజైన్ ఫైళ్లు, రంగుల్లో కచ్చితత్వం, ప్రచురణ పనులు ఉంటే పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తో రెండో క్యూ (కంప్యూటర్‌లో ప్రింటర్ పేరుతో కనిపించే, పనులు వరుసలో చేరే చోటు) పెట్టుకోవాలి. ప్రింటర్ కొత్తదై, స్టేపుల్, పిన్ కొడితేనే విడుదలయ్యే ముద్రణ, విభాగాల లెక్కల వంటి అవసరాలు లేకపోతే విండోస్‌తో వచ్చే ఐపీపీ క్లాస్ డ్రైవర్ (ఐపీపీ అనే ప్రామాణిక నెట్‌వర్క్ పద్ధతిలో వేర్వేరు సంస్థల ప్రింటర్లకు పనికొచ్చే ఒకే డ్రైవర్) చాలు. తయారీ సంస్థల డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్‌లో చోటు దశలవారీగా తగ్గుతోంది. కాబట్టి ఈ మూడో దారి తమ ప్రింటర్లలో ఎంతవరకు పనిచేస్తుందో ప్రతి ఆఫీసూ ముందే పరీక్షించుకోవాలి.

టెస్ట్ పేజీ వస్తే చాలదు

ఒక ఆఫీసు ప్రింటర్ మోడల్‌కు డ్రైవర్ కోసం తయారీ సంస్థ సైట్‌లో వెతికితే నాలుగైదు కనిపిస్తాయి. పీసీఎల్6, పోస్ట్‌స్క్రిప్ట్, యూనివర్సల్, బేసిక్, కొన్నిచోట్ల ఎక్స్‌పీఎస్. ఇవేవీ దించుకోకుండా ప్రింటర్‌ను నెట్‌వర్క్‌కు తగిలించినా విండోస్ తనంతట తానే ఏదో ఒకటి వేసేసుకుంటుంది. దాదాపు అన్నింటితోనూ టెస్ట్ పేజీ చక్కగా వస్తుంది. అందుకే ఏది వేసినా ఒకటేనన్న అభిప్రాయం బలపడింది.

తేడాలు తర్వాత బయటపడతాయి. రెండువైపులా ప్రింట్ చేసే ఎంపిక మసకబారి నొక్కుడుపడదు. 40 పేజీల పీడీఎఫ్‌లో పదో పేజీ దగ్గర ప్రింటర్ పది నిమిషాలు ఆలోచిస్తుంది. లోగో నీలం తెర మీద ఒకలా, కాగితం మీద ఊదాగా ఉంటుంది. ఒక్క పేజీ పంపితే వందల పేజీల చెత్త అక్షరాలు వస్తాయి. వీటిలో చాలావాటికి యంత్రంలో లోపం ఉండదు. ప్రింటర్‌కు, పనికి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు పొసగని డ్రైవర్ వేయడమే కారణం.

పేజీని ఎవరు గీస్తారు?

లేజర్ ప్రింటర్ చివరికి కాగితం మీద వేసేది చుక్కలే. ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున నింపితే అడ్డంగా 4,960, నిలువుగా 7,016 చుక్కలు పడతాయి. మొత్తం దాదాపు 3.48 కోట్లు. నలుపు తెలుపు పేజీలో చుక్కకు ఒక బిట్ చాలు కాబట్టి 4.35 మెగాబైట్లు అవుతుంది. అదే పేజీని చుక్కకు 24 బిట్ల రంగుతో లెక్కిస్తే, కుదించకముందు 104 మెగాబైట్లు దాటుతుంది. ఈ చుక్కల చిత్రాన్ని తయారుచేయడమే రెండరింగ్. ఆ పని కంప్యూటర్‌లో జరగాలా, ప్రింటర్‌లో జరగాలా అన్నదాని మీదే డ్రైవర్ల రకాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

మొదటి పద్ధతిలో కంప్యూటర్ పేజీ వర్ణనను మాత్రమే పంపుతుంది: ఈ ఫాంట్‌లో ఈ అక్షరాలు, ఇక్కడి నుంచి అక్కడికి గీత, ఈ చోట ఈ బొమ్మ. దాన్ని చదివి చుక్కలుగా మార్చే ఇంటర్‌ప్రెటర్ ప్రింటర్ లోపలే ఉంటుంది. పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ ఈ కోవలోవి. ఫైలు చిన్నదిగా ఉంటుంది, నెట్‌వర్క్ మీద భారం తక్కువ. ప్రింటర్‌లో మాత్రం ప్రాసెసర్, మెమొరీ ఉండాలి.

రెండో పద్ధతిలో చుక్కలన్నీ కంప్యూటరే తయారుచేసి, కుదించి, ప్రింటర్‌కు అందిస్తుంది. హోస్ట్ ఆధారిత ప్రింటర్లు, జీడీఐ ప్రింటర్లు అని పిలిచే చవక మోడళ్లు ఇలా పనిచేస్తాయి. ప్రింటర్‌లో తెలివి దాదాపు ఉండదు కాబట్టి ధర తగ్గుతుంది. అయితే ఆ సంస్థకే సొంతమైన ఆ డేటా రూపం తెలిసిన డ్రైవర్ లేకపోతే ఆ యంత్రం దేనికీ పనికిరాదు. కొత్త విండోస్ వెర్షన్‌కు తయారీ సంస్థ డ్రైవర్ విడుదల చేయకపోతే, బాగా పనిచేస్తున్న ప్రింటర్ కూడా మూలన పడుతుంది. పీసీఎల్6 ఉన్న ప్రింటర్‌కు ఆ ప్రమాదం చాలా తక్కువ. సొంత డ్రైవర్ ఆగిపోయినా మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీఎల్6 క్లాస్ డ్రైవర్ కనీసం ప్రాథమిక ముద్రణకు పనికొస్తుంది. కొనేటప్పుడే ఈ ఒక్క విషయం చూసుకోవడం తర్వాతి ఎన్నో తలనొప్పులను తప్పిస్తుంది.

పీసీఎల్6: ఆఫీసు పనికి మొదటి ఎంపిక

పీసీఎల్ హెచ్‌పీ రూపొందించిన భాష. 1984లో వచ్చిన తొలి లేజర్‌జెట్ నుంచి అది ఆ ప్రింటర్లతోనే ఎదిగింది. తర్వాత ఇతర సంస్థలూ తమ ప్రింటర్లలో దాన్ని అనుకరించాయి. ఇప్పుడు ఆఫీసుల్లో కనిపించేవి రెండు రూపాలు. పీసీఎల్5 పాతది, ఎస్కేప్ అనే ప్రత్యేక అక్షరంతో మొదలయ్యే సంకేతాల వరుసగా నడుస్తుంది. పీసీఎల్6లో ప్రధానమైన పీసీఎల్ ఎక్స్‌ఎల్ వేరే నిర్మాణం. అది విండోస్ పేజీని గీసే తీరుకు దగ్గరగా, బైనరీ రూపంలో ఉంటుంది. మార్పిడి పని తక్కువ కావడంతో కంప్యూటర్‌లో త్వరగా తయారవుతుంది, ప్రింటర్‌లో త్వరగా విడుతుంది. వర్డ్, ఎక్సెల్ పత్రాల్లో మొదటి పేజీ త్వరగా బయటకు రావడానికి కారణం ఇదే.

దీనికి పరిమితులు లేకపోలేదు. ఒకే భాషను వేర్వేరు సంస్థలు అనుకరించడంతో ఒక ప్రింటర్ సరిగా చదివిన ఫైలు మరోదానిలో తేడా పడవచ్చు. సన్నని గీతలు, నింపుడు నమూనాలు, ఒకదాని మీద ఒకటి పారదర్శకంగా పరిచిన బొమ్మల దగ్గర ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పీసీఎల్ ఎక్స్‌ఎల్ ఎర్రర్ అని నాలుగు పంక్తులున్న కాగితం బయటకు వస్తే, పంపిన ఆదేశాల వరుసలో ఏదో ఇంటర్‌ప్రెటర్‌కు మింగుడుపడలేదని అర్థం. అదే ఫైలును పోస్ట్‌స్క్రిప్ట్ క్యూ నుంచి పంపితే చాలాసార్లు సాఫీగా వస్తుంది. ఆ ఎర్రర్ తరచూ వస్తుంటే ప్రింటర్ ఫర్మ్‌వేర్‌ను (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్), డ్రైవర్‌ను తాజా వెర్షన్‌కు మార్చాలి.

పీసీఎల్5 డ్రైవర్‌ను ఈ రోజుల్లో కొత్తగా వేయాల్సిన సందర్భాలు కొద్ది. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, పీసీఎల్5 సంకేతాలను నేరుగా పంపే ఫారాల ముద్రణ యంత్రాంగం ఉన్నచోట మాత్రమే అది అవసరం.

పోస్ట్‌స్క్రిప్ట్ ఎక్కడ అక్కరకొస్తుంది

పోస్ట్‌స్క్రిప్ట్‌ను అడోబీ 1984లో విడుదల చేసింది. 1985లో యాపిల్ లేజర్‌రైటర్‌తో అది ఆఫీసు బల్ల మీదికి వచ్చి, డెస్క్‌టాప్ పబ్లిషింగ్‌కు పునాది అయింది. ఇది పూర్తి స్థాయి ప్రోగ్రామింగ్ భాష. ప్రతి పేజీ ప్రింటర్ లోపల నడిచే ఒక చిన్న ప్రోగ్రాం. అందువల్ల అదే ఫైలు ఏ పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌లో వేసినా ఫలితం దాదాపు ఒకేలా ఉంటుంది. పేజీని వర్ణించే తీరులో పీడీఎఫ్ దీనికి దగ్గరి చుట్టం. కాబట్టి సంక్లిష్టమైన పీడీఎఫ్‌లను, డిజైన్ ఫైళ్లను నమ్మకంగా వేయడానికి ఇది పేరు తెచ్చుకుంది.

రంగు విషయంలో తేడా ఇంకా స్పష్టం. విండోస్ పాత ముద్రణ మార్గం ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతోనే నడుస్తుంది. పీసీఎల్ డ్రైవర్‌కు చేరేవీ అవే, ప్రింటర్ వాటిని తన పద్ధతిలో నాలుగు సిరాలుగా మార్చుకుంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్లు పోస్ట్‌స్క్రిప్ట్ క్యూకు మాత్రం నాలుగు సిరాల విలువలనే నేరుగా పంపగలవు. డిజైనర్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు శాతాల్లో నిర్ణయించిన లోగో రంగు మధ్యలో రెండుసార్లు మారకుండా కాగితానికి చేరాలంటే ఇదే దారి. నల్ల అక్షరాలు నల్ల సిరాతోనే కాక నాలుగు సిరాల కలయికతో పడి మసకగా కనిపించే ఇబ్బందికి కూడా ఈ మార్పిళ్లే మూలం.

పారదర్శకత దగ్గర పోస్ట్‌స్క్రిప్ట్‌కూ బలహీనత ఉంది. ఆ భాషలో పారదర్శకత అన్న భావనే లేదు. నీడలు, లేత పొరలు ఉన్న పీడీఎఫ్‌ను పోస్ట్‌స్క్రిప్ట్‌గా మార్చేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ భాగాలను ముక్కలు చేసి, కొన్నింటిని బొమ్మలుగా మార్చి చదును చేస్తుంది. 2 మెగాబైట్ల ఫైలు క్యూలో 200 మెగాబైట్లుగా ఉబ్బడానికి ఇదో కారణం. పీడీఎఫ్‌ను నేరుగా చదవగల ప్రింటర్లలో ఈ మార్పిడే అక్కర్లేదు, ప్రింటర్ ఆ సదుపాయం ఇస్తే దాన్నే వాడటం మంచిది.

పోస్ట్‌స్క్రిప్ట్‌కు ప్రింటర్‌లో ఇంటర్‌ప్రెటర్ ఉండటం తప్పనిసరి. కొన్ని మోడళ్లలో అది అదనంగా కొనాల్సిన ఐచ్ఛికం. కొన్ని సంస్థలు అడోబీ అసలు ఇంటర్‌ప్రెటర్ బదులు సొంత అనుకరణలు పెడతాయి. క్యోసెరాలో కేపీడీఎల్, బ్రదర్‌లో బీఆర్-స్క్రిప్ట్ అలాంటివే. ఆఫీసు పనికి ఈ అనుకరణలు బాగానే సరిపోతాయి. ఇంటర్‌ప్రెటర్ అసలే లేని ప్రింటర్‌కు పోస్ట్‌స్క్రిప్ట్ పంపితే, అది ఆ ప్రోగ్రామునే మామూలు అక్షరాలనుకుని ట్రే ఖాళీ అయ్యేదాకా అచ్చువేస్తుంది. మొదటి పంక్తి శాతం గుర్తు, ఆశ్చర్యార్థకంతో మొదలైతే జరిగింది ఇదేనని వెంటనే పోల్చుకోవచ్చు.

యూనివర్సల్ డ్రైవర్ లాభనష్టాలు

ఒకే సంస్థ ప్రింటర్లు పదీ ఇరవై మోడళ్లలో ఉన్న ఆఫీసుకు యూనివర్సల్ డ్రైవర్ పెద్ద ఊరట. ఒక ప్యాకేజీని పరీక్షించి, ఒక వెర్షన్‌ను అన్ని యంత్రాలకూ పంపితే సరిపోతుంది. హెచ్‌పీ, జిరాక్స్, కెనాన్, రికో, లెక్స్‌మార్క్ వంటి సంస్థలన్నీ ఇలాంటివి ఇస్తున్నాయి. ఇవి కొత్త భాష ఏమీ కావు. లోపల ఉండేది పీసీఎల్6 లేదా పోస్ట్‌స్క్రిప్టే. యూనివర్సల్ వేశాం కదా అనుకుని ఆ రెండిట్లో ఏది దించారో చూడకపోవడం తరచూ జరిగే పొరపాటు.

మోడల్‌కే ప్రత్యేకమైన డ్రైవర్‌తో పోలిస్తే యూనివర్సల్ డ్రైవర్ తనంత తాను ప్రింటర్‌ను ప్రశ్నించి, అందులో ఎన్ని ట్రేలు, రెండువైపులా ముద్రించే డూప్లెక్స్ యూనిట్, స్టేపుల్ చేసే ఫినిషర్ ఉన్నాయో తెలుసుకోవాలి. ఆ సంభాషణ కుదరకపోతే కనీస సదుపాయాలతోనే ఆగిపోతుంది. బుక్‌లెట్ మడతపెట్టడం, రంధ్రాలు చేయడం వంటి ప్రత్యేక పనులు రోజూ జరిగే పెద్ద కాపియర్‌కు మాత్రం దాని సొంత డ్రైవరే మేలు.

విండోస్ ఎందుకు దారి మార్చింది

విండోస్ 2000 నాటి నుంచి నడుస్తున్న నమూనాను వీ3 డ్రైవర్ అంటారు. ఇందులో తయారీ సంస్థ రాసిన కోడ్, ముద్రణ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ సర్వీసైన ప్రింట్ స్పూలర్‌తో కలిసి నడుస్తుంది. స్పూలర్‌కు కంప్యూటర్‌లో అత్యున్నత అధికారాలు ఉంటాయి. అంటే బయటివారు రాసిన కోడ్‌కు అంతటి అధికారం దక్కుతుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వ్యాప్తికి వాడుకున్న లోపాల్లో ఒకటి స్పూలర్‌దే. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్‌గా పేరుపడిన లోపం, సీవీఈ-2021-34527, మరింత కలకలం రేపింది. ఆ ఏడాది ఆగస్టు అప్‌డేట్‌తో, ఆఫీసు ప్రింటర్లను అందరికీ పంచే ప్రింట్ సర్వర్ నుంచి డ్రైవర్ దించుకోవాలంటే అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉండాలన్న నిబంధన వచ్చింది. నిన్నటిదాకా ఒక్క నొక్కుతో ప్రింటర్ జోడించుకున్న ఉద్యోగులకు పాస్‌వర్డ్ అడిగే కిటికీ ఎదురవడం అప్పుడే మొదలైంది.

విండోస్ 8తో వచ్చిన వీ4 నమూనా ఈ సమస్యను కొంత తగ్గించే ప్రయత్నం. అయినా చాలామంది తయారీదారులు సదుపాయాలు తగ్గుతాయని వీ3లోనే కొనసాగారు. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ మూడో మార్గాన్ని ఖరారు చేసింది: ఐపీపీ అనే ప్రామాణిక నెట్‌వర్క్ పద్ధతి, మోప్రియా ధ్రువీకరణ ఉన్న ప్రింటర్లు, విండోస్‌లోనే ఉండే ఒకే క్లాస్ డ్రైవర్. 2013లో ఏర్పడిన మోప్రియా కూటమిలో కెనాన్, హెచ్‌పీ, శామ్‌సంగ్, జిరాక్స్ వ్యవస్థాపక సభ్యులు.

ప్రకటించిన కాలక్రమం ఇది. 2026 జనవరి 15 తర్వాత విండోస్ 11కు, సర్వర్ 2025కు కొత్త ప్రింటర్ డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ ద్వారా మామూలుగా రావు. 2026 జులై 1 నుంచి, ప్రింటర్ ఐపీపీకి అనువైనదైతే విండోస్ తన క్లాస్ డ్రైవర్‌కే మొదటి ప్రాధాన్యం ఇస్తుంది. 2027 జులై 1 నుంచి పాత డ్రైవర్లకు అప్‌డేట్ ద్వారా వచ్చేవి భద్రతా సవరణలే. వీటిని చూసి పాత ప్రింటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయని భయపడాల్సిన పని లేదు. వేసి ఉన్న డ్రైవర్ పనిచేస్తూనే ఉంటుంది, తయారీ సంస్థ తన సైట్‌లో ఇచ్చే ఇన్‌స్టాలర్‌తో కొత్తగా వేసుకోవడమూ కుదురుతుంది.

విండోస్ 11 24హెచ్2తో వచ్చిన ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ సంగతి వేరు. దాన్ని ఆన్ చేస్తే బయటి సంస్థల డ్రైవర్లకు అసలు చోటుండదు, స్పూలర్ తక్కువ అధికారాలతో నడుస్తుంది. భద్రత పరంగా ఇది నిజంగా మేలైన ఏర్పాటు. అయితే మోప్రియా ధ్రువీకరణ లేని ప్రింటర్ ఆ కంప్యూటర్ నుంచి పనిచేయదు. పాత ప్రింటర్లున్న ఆఫీసులో దాన్ని అన్ని యంత్రాల్లోనూ ఒక్కసారే ఆన్ చేయడం సరికాదు.

ఐపీపీ క్లాస్ డ్రైవర్ ఏమిస్తుంది, ఏమివ్వదు

కాగితం పరిమాణం, ట్రే, రెండువైపులా ముద్రణ, రంగు, నాణ్యత వంటివి ప్రింటర్ తానే చెబుతుంది. డ్రైవర్ ఆ జాబితానే చూపిస్తుంది. అందువల్ల సదుపాయాల సంఖ్య డ్రైవర్ కన్నా ప్రింటర్ ఫర్మ్‌వేర్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. స్టేపుల్, రంధ్రాలు, పిన్‌తో విడుదల చేసే ముద్రణ ఐపీపీ ప్రమాణాల్లో ఉన్నా, ఫలానా ప్రింటర్ వాటిని ప్రకటిస్తేనే కనిపిస్తాయి. విభాగాల వారీ ఖాతా సంఖ్య, వాటర్‌మార్క్, ప్రత్యేక కవరు కాగితం వంటివాటిని తయారీ సంస్థలు ప్రింట్ సపోర్ట్ యాప్ పేరుతో స్టోర్ నుంచి విడిగా అందిస్తున్నాయి. క్లాస్ డ్రైవర్‌లో ఆ ఎంపికలు కనబడకపోతే ముందు ఆ యాప్ వేసి చూడాలి.

స్కానింగ్‌ను మర్చిపోకూడదు. బహుళ పనుల యంత్రంలో ప్రింట్ డ్రైవర్, స్కాన్ డ్రైవర్, ఫ్యాక్స్ డ్రైవర్ వేర్వేరు. ప్రింటింగ్‌ను క్లాస్ డ్రైవర్‌కు మార్చాక పాత ప్యాకేజీని మొత్తంగా తీసేస్తే, స్కానర్ బటన్ నుంచి కంప్యూటర్‌కు ఫైలు రావడం ఆగిపోవచ్చు.

వేసే ముందు, వేసేటప్పుడు

ముందుగా ప్రింటర్ ప్యానెల్ నుంచే కాన్ఫిగరేషన్ పేజీ తీయాలి. అందులో యంత్రానికి తెలిసిన భాషల జాబితా, మెమొరీ, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఐపీ చిరునామా ఉంటాయి. పెట్టె మీది రాతలకన్నా, అమ్మకందారు మాటకన్నా ఆ కాగితమే నమ్మదగినది. అందులో పోస్ట్‌స్క్రిప్ట్ లేకపోతే ఆ డ్రైవర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

తర్వాత చిరునామా. నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీలో ప్రింటర్‌కు ఒకే ఐపీ నిలిచేలా రిజర్వ్ చేయాలి. ప్రింటర్ జోడించేటప్పుడు విండోస్ తానే వెతికి చూపేదాన్ని ఎంచుకుంటే చాలాసార్లు, పరికరాలను తానే కనిపెట్టే పద్ధతితో నడిచే డబ్ల్యూఎస్‌డీ పోర్టు ఏర్పడుతుంది. అది నెట్‌వర్క్‌లో చిన్న కుదుపు వచ్చినా ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపుతుంది. తయారీ సంస్థ డ్రైవర్ వాడేచోట చేత్తో జోడించే మార్గం ఎంచుకుని, పరికరం రకంగా టీసీపీ/ఐపీ డివైజ్ అని పెట్టి, ఐపీ చిరునామా ఇవ్వడం స్థిరమైన పద్ధతి. డేటా 9100 పోర్టు మీదుగా వెళ్తుంది. ఐపీపీ అయితే 631. టీసీపీ/ఐపీ పోర్టు సెట్టింగులలో ఎస్‌ఎన్‌ఎంపీ (ప్రింటర్ స్థితిని నెట్‌వర్క్ ద్వారా అడిగే పద్ధతి) స్టేటస్ టిక్ ఉండి, ప్రింటర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ కట్టేసి ఉంటే, బాగా పనిచేస్తున్న యంత్రం కూడా ఆఫ్‌లైన్‌గా కనబడుతుంది. ఆ టిక్ తీసేస్తే సరిపోతుంది.

డ్రైవర్ వేశాక ప్రింటర్ ప్రాపర్టీస్‌లో డివైజ్ సెట్టింగ్స్ ట్యాబ్ తెరిచి, అదనపు ట్రేలు, డూప్లెక్స్ యూనిట్ ఉన్నాయని గుర్తించిందో లేదో చూడాలి. రెండువైపుల ముద్రణ మసకబారి ఉండటానికి చాలాసార్లు కారణం ఇక్కడి ఒక్క ఎంపికే. అదే ట్యాబ్‌లో ట్రేకు కేటాయించిన కాగితం కూడా చూడాలి. పత్రం 216 × 279 మిల్లీమీటర్ల లెటర్ పరిమాణంలో ఉండి, ట్రేలో 210 × 297 ఏ4 ఉంటే, ప్రింటర్ లెటర్ కాగితం పెట్టమని ఎదురుచూస్తూ క్యూ మొత్తాన్ని ఆపేస్తుంది.

సాధారణ సెట్టింగులు రెండు చోట్ల ఉంటాయని చాలామందికి తెలియదు. జనరల్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ ఆ ఒక్క వినియోగదారుకే వర్తిస్తుంది. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ప్రింటింగ్ డిఫాల్ట్స్ అందరికీ వర్తిస్తుంది. నలుపు తెలుపును, రెండువైపుల ముద్రణను ఆఫీసంతటికీ డిఫాల్ట్ చేయాలంటే రెండోదానిలోనే మార్చాలి.

డ్రైవర్ మార్చేటప్పుడు కొత్త క్యూ

ఉన్న క్యూలోనే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి డ్రైవర్ మాత్రం మార్చడం సులువుగా కనిపిస్తుంది. అది మంచి అలవాటు కాదు. ప్రతి డ్రైవర్ తన సెట్టింగులను విండోస్ డెవ్‌మోడ్ అనే నిర్మాణంలో, అందులోనూ తన సొంత భాగంలో దాచుకుంటుంది. పాత డ్రైవర్ మిగిల్చిన ఆ భాగాన్ని కొత్తది తప్పుగా చదివితే, ట్రే 2 అడిగితే మాన్యువల్ ట్రే తెరవమనడం, అప్లికేషన్ ప్రింట్ నొక్కగానే మూసుకుపోవడం వంటి వింతలు మొదలవుతాయి. అదే పోర్టు మీద కొత్త పేరుతో కొత్త క్యూ సృష్టించి, పరీక్షించి, ఆ తర్వాత పాతదాన్ని తీసేయాలి. పీసీఎల్6, పోస్ట్‌స్క్రిప్ట్ రెండూ అవసరమైనప్పుడు కూడా ఒకే పోర్టు మీద రెండు క్యూలు పెట్టుకోవచ్చు. దీనివల్ల యంత్రానికి ఏ ఇబ్బందీ ఉండదు.

ప్రింటర్‌ను తీసేసినంత మాత్రాన డ్రైవర్ పోదు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబ్‌కు వెళ్లి, డ్రైవర్‌నూ ప్యాకేజీనీ కలిపి తొలగించే ఎంపికను వాడాలి. వాడుకలో ఉందని మొరాయిస్తే ప్రింట్ స్పూలర్ సర్వీసును ఒకసారి ఆపి మొదలుపెట్టి, వెంటనే మళ్లీ ప్రయత్నించాలి.

ప్రింట్ సర్వర్‌లో మరో చిక్కు ఉంది. వీ3 డ్రైవర్ల ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి. ఒకే సంస్థ యూనివర్సల్ డ్రైవర్ రెండు వెర్షన్లు వేస్తే, ఒకే పేరున్న ఫైలు మీద కొత్తది కూర్చుంటుంది. నిన్నటిదాకా నడిచిన మూడో అంతస్తు ప్రింటర్, ఈ రోజు ఒకటో అంతస్తులో కొత్తది పెట్టాక మొండికేయడం వెనక కారణం ఇదే. సర్వర్ మీద ఒక సంస్థకు ఒకే వెర్షన్ ఉంచడం, మార్చేటప్పుడు అన్ని క్యూలకూ కలిపి మార్చడం, ప్రింట్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవర్‌ను ఐసోలేటెడ్‌గా పెట్టడం ఈ సమస్యను అదుపులో ఉంచుతాయి. ఐసోలేషన్ విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 నుంచి ఉంది. ఒక డ్రైవర్ కూలిపోయినా మొత్తం స్పూలర్ ఆగకుండా అది కాపాడుతుంది.

లక్షణాన్ని బట్టి కారణం

చెత్త అక్షరాలు వస్తే ప్రింటర్‌కు తెలియని భాషలో డేటా వెళ్లిందని అర్థం. 2025 జనవరి చివరి విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని యూఎస్‌బీ ప్రింటర్లు ఐపీపీ ఆదేశాలనే కాగితం మీద అచ్చువేశాయి. యూఎస్‌బీ మామూలు పద్ధతి, యూఎస్‌బీ మీద ఐపీపీ రెండూ ఉన్న మోడళ్లలో ఈ అయోమయం కలిగింది, తర్వాత వచ్చిన ఒక అప్‌డేట్‌తో సరిదిద్దారు. చెత్త అచ్చవుతున్నప్పుడు ముందు క్యూలోని జాబ్‌ను తొలగించాలి. ప్రింటర్‌ను మాత్రమే ఆపితే, మళ్లీ ఆన్ చేయగానే అదే జాబ్ మొదలవుతుంది. జాబ్ కదలకుండా బిగుసుకుపోతే స్పూలర్ సర్వీసు ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డర్‌లో ప్రింటర్స్ అనే చోట ఉన్న ఫైళ్లను చెరిపి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటికి క్యూలో ఉన్న అందరి పనులూ పోతాయి కాబట్టి ముందుగా చెప్పడం మంచిది.

తెలుగు వంటి లిపుల్లో ఒత్తులు విడిపోతే కారణాన్ని రెండుగా విడదీసి చూడాలి. ఒత్తులు, గుణింతాలు అతికించే పని అప్లికేషన్, విండోస్ కలిసి డ్రైవర్‌కు చేరకముందే ముగిస్తాయి. అదే పత్రాన్ని పీడీఎఫ్‌గా దాచి తెర మీద చూసినప్పుడు కూడా తప్పుగా ఉంటే లోపం అప్లికేషన్‌లో లేదా ఫాంట్‌లో ఉంది. పీడీఎఫ్ సరిగా ఉండి కాగితం మీదే తప్పు వస్తే, ఫాంట్‌ను ప్రింటర్‌కు పంపే దశలో డ్రైవర్ తడబడుతోంది. అప్పుడు డ్రైవర్‌లో ట్రూటైప్ ఫాంట్లను బిట్‌మ్యాప్‌గా పంపే ఎంపిక గానీ, పీడీఎఫ్ రీడర్‌లో బొమ్మగా ప్రింట్ చేసే ఎంపిక గానీ పనికొస్తుంది. వేగం తగ్గినా అక్షరం చెడదు.

ఎక్సెల్ వర్క్‌బుక్ మొత్తాన్ని పంపినప్పుడు రెండువైపుల ముద్రణ మధ్యలో తెగిపోతే డ్రైవర్‌ను నిందించకూడదు. షీట్లకు పేజీ సెటప్ వేర్వేరుగా ఉంటే ఎక్సెల్ వాటిని వేర్వేరు జాబ్‌లుగా పంపుతుంది. అన్ని షీట్లనూ కలిపి ఎంచుకుని పేజీ సెటప్ ఒకేలా చేస్తే సమస్య తీరుతుంది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బిల్లులను నత్తనడకన కొడుతుంటే, డ్రైవర్ అక్షరాలను బొమ్మలుగా పంపుతోందన్నమాట. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న బిల్లుకు జనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ వేస్తే యంత్రంలోని సొంత అక్షరాలతో వేగంగా పడుతుంది. తెలుగు అక్షరాలుంటే ఆ మార్గం కుదరదు.

మ్యాక్, లినక్స్, ఏఆర్‌ఎం యంత్రాలు

ఇక్కడ దారి దాదాపు ఒక్కటే. 2010లో వచ్చిన ఎయిర్‌ప్రింట్‌తో యాపిల్ డ్రైవర్ లేని ముద్రణ వైపు మళ్లింది. మ్యాక్, లినక్స్ రెండింటిలోనూ ముద్రణను నడిపే కప్స్ వ్యవస్థ కూడా పాత తరహా డ్రైవర్లను వదిలించుకునే దిశలో సాగుతోంది. ప్రింటర్‌కు ఎయిర్‌ప్రింట్ ఉంటే ముందు దాంతోనే ప్రయత్నించాలి. ఫినిషర్, ఖాతా సంఖ్య అవసరమైతే తయారీ సంస్థ పోస్ట్‌స్క్రిప్ట్ ప్యాకేజీ తదుపరి ఎంపిక.

ఏఆర్‌ఎం ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు ఆఫీసుల్లోకి వస్తున్నాయి. వీటిలో మామూలు 64 బిట్ల అప్లికేషన్లు అనుకరణతో నడుస్తాయి గానీ, మామూలు 64 బిట్ల ప్రింటర్ డ్రైవర్లు నడవవు. ఏఆర్‌ఎం64 కోసం ప్రత్యేకంగా తయారైన డ్రైవర్ ఉండాలి, లేదా ఐపీపీ క్లాస్ డ్రైవర్ వాడాలి. ల్యాప్‌టాప్‌లు మార్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేసుకోకపోతే కొత్త యంత్రం వచ్చిన రోజే ప్రింటింగ్ ఆగిపోతుంది.

మార్పుకు ముందు ఒక చిన్న పరీక్ష

ఏ డ్రైవర్ మేలో తేల్చడానికి టెస్ట్ పేజీ కాక, ఆఫీసులో రోజూ తిరిగే ఫైళ్లే వాడాలి. 30 పేజీల వర్డ్ నివేదిక, స్కాన్ చేసిన పీడీఎఫ్, చార్టులున్న స్ప్రెడ్‌షీట్, నీడలూ పొరలూ ఉన్న ప్రెజెంటేషన్, తెలుగు పత్రం, లోగో ఉన్న లెటర్‌హెడ్ చాలు. ఒక్కోదాన్ని మూడు ప్రతులు, రెండువైపులా, కొలేట్ చేసి (ఒక ప్రతి పేజీలన్నీ వరుసగా వచ్చాకే తర్వాతి ప్రతి వచ్చేలా) పంపాలి. ప్రింట్ నొక్కిన క్షణం నుంచి మొదటి పేజీ వచ్చేదాకా పట్టిన సమయం, క్యూలో కనిపించే జాబ్ పరిమాణం, సరైన ట్రే నుంచి కాగితం వచ్చిందా, ప్రతులు వరుసగా వచ్చాయా అన్నవి రాసుకోవాలి. పీసీఎల్6, పోస్ట్‌స్క్రిప్ట్, ఐపీపీ మూడు క్యూలకూ ఇలా చేస్తే సగం రోజు పని. ఐపీపీ క్యూ అన్నింటిలోనూ నెగ్గితే ఆ ప్రింటర్‌ను ఇప్పుడే అందులోకి మార్చవచ్చు. ఏదో ఒక సదుపాయం దగ్గర తప్పితే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ప్రింట్ సపోర్ట్ యాప్ ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే తయారీ సంస్థ డ్రైవర్ ఇన్‌స్టాలర్‌ను, వెర్షన్ సంఖ్యతో సహా, ఆఫీసు సర్వర్‌లో భద్రపరచుకుని ఆ క్యూనే కొనసాగించాలి. తర్వాతి ప్రింటర్ కొనుగోలులో మోప్రియా ధ్రువీకరణ, పీసీఎల్6, పీడీఎఫ్ నేరుగా చదివే సామర్థ్యం ఈ మూడింటినీ షరతులుగా రాయాలి.